నాలుగు పచ్చచుక్కలు

"పచ్చ! నాలుగూ పచ్చే, అత్తయ్యగారూ!"

తేజశ్రీ కేకకి వంటింట్లో పేరమ్మ చేతిలోని గిన్నె జారిపడింది. పొద్దుట్నుంచీ ఇంట్లో లేని కరెంటు అప్పుడే వచ్చింది. చార్జింగు లేక చచ్చిపడివున్న గోడౌను ఫోను ఊపిరి పోసుకుంది. తెరమీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది, ఇంకా తిరిగింది. ఇక లాభం లేదనుకుంటుండగా నాలుగు చుక్కలు వరసగా వెలిగాయి, లేత అరటాకు రంగులో.

ఎంత ముద్దొచ్చాయో ఆ చుక్కలు! నాలుగింటికీ దిష్టి తీసి, నాలుగు పేర్లు పెట్టుకోవాలనిపించింది ఆమెకి.

సత్తెనపల్లి శివార్లలో ఆమె మామగారు బుల్లయ్య కట్టించిన మిర్చి కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులు. ఒక్కో గదిలో చలి చూసుకోవటానికి ఒక్కో సర్వరు. అలాగని అక్కడ నాలుగు పెట్టెలు లేవు, ఉన్నది ఒక్కటే. ఒకే పెంకుటింట్లో నాలుగు కాపురాలు పెట్టించినట్టు, ఆ ఒక్క పెట్టెనే లోపల్లోపల నాలుగుగా విడగొట్టాడు తేజశ్రీ భర్త అంజి. వర్చువల్ సర్వర్లంటారు వాటిని. ఏ కాపురం ఎలా ఉందో ఇంట్లో కూర్చునే ఫోన్లో చూసుకోవచ్చు. బాగుంటే పచ్చ, ఆగిపోతే ఎరుపు.

మూడో గది తలుపు దగ్గర ముక్కిన వాసన వస్తోందని పొద్దున యలమంద అనే రైతు పెట్టిన కేకకి ఊళ్లకు ఊళ్లే గోడౌను మీదికొచ్చాయి. లోపల చలి బాగానే ఉందని, ఫోన్లో చూశాకే తలుపు తీద్దామని అంజి మాటిచ్చాడు. వాళ్లు అతన్ని కదలనివ్వలేదు. సర్వరు ఉన్న గదిలోకి అసలే పోనివ్వలేదు, లోపలికెళ్లి ఏం చెరిపేస్తాడోనని. తోపులాటలో అతని ఫోను కాళ్లకింద నలిగిపోయింది. ఆ చుక్కలు చూపించే యాప్ మొదట్నుంచీ ఉన్నది ఇంట్లో మామగారి జేబులో ఉండే ఈ గోడౌను ఫోనొక్కదాన్లోనే.

"చూస్తావేందే, వాడికి చెప్పు!" అంది పేరమ్మ.

తేజశ్రీ తన ఫోన్లోంచి షఫీక్‌కి చేసింది. అతను గోడౌనులో కంప్రెసర్లు చూస్తాడు. ఫోను చేతులు మారిన చప్పుడు, తర్వాత అంజి గొంతు.

"నిజమా తేజా? మూడోది కూడానా?"

"మూడోది అన్నిటికంటే పచ్చగా ఉందండీ!"

అవతల అతను నవ్వాడు. పొద్దుట్నుంచీ వినని నవ్వు. పెళ్లై నెల తిరిగినా ఆ నవ్వు వినపడితే చాలు, ఆమెకి మెట్టెల వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. చీరాల మగ్గాల మధ్య పెరిగిన తనని అతను మొదటిసారి ఆటపట్టించింది కూడా ఆ నవ్వుతోనే. "మా దగ్గర తేజ అంటే మిర్చి రకం, తెలుసా? అన్నిటికంటే ఘాటు."

"లైన్లోనే ఉండు. వీళ్ల ముందే తలుపు తీసి చూపిస్తా. నా మాట నిలబడటం నువ్వు కూడా వినాలి."

పేరమ్మ బెల్లంముక్క తెచ్చి కోడలి నోట్లో పెట్టింది. హాల్లో కుర్చీలో కూర్చున్న బుల్లయ్య కళ్లు మూసుకుని దండం పెట్టాడు. బావగారు వీరబాబు మాత్రం గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, మొహంలో సంతోషమేమీ లేకుండా. అతను అంజికి అన్న. ఫోను రాక ముందు ఆ గదుల్ని చేత్తో నడిపిన మనిషి.

ఫోన్లోంచి అంజి గొంతు దూరంగా వినపడింది. "యలమంద బాబాయ్, నువ్వే ముందడుగు పెట్టు. నీ మిర్చి టిక్కీలు ఒక్కో గోతం నువ్వే చూసుకో."

గొళ్లెం లాగిన చప్పుడు. బరువైన తలుపు మూలిగింది.

ఎవరో దగ్గారు.

ఇంకొకరు దగ్గారు. ఆ తర్వాత అందరూ. గుంపు గుంపంతా ఒకేసారి దగ్గుతోంది. చల్లటి గదిలోంచి మిర్చి ఘాటు రాదు, ఉక్కపోసిన గదిలోంచే వస్తుంది. ఆ మాత్రం ఈ నెలరోజుల్లో తేజశ్రీకి కూడా తెలిసింది. నోట్లో బెల్లం అలాగే ఉండిపోయింది.

"ఏరా అంజిగా," యలమంద గొంతు. "ఇదేందిరా? గోతాలు చెమటలు కారతన్నయ్యేందిరా?"

"బాబాయ్, ఫోన్లో పచ్చగానే..."

"పచ్చా? ఉండరా నాయాలా, నీకు ఎరుపు చూపిస్తా!"

మొదటి దెబ్బ తడిబట్ట బండకేసి బాదినట్టు వినపడింది. రెండోది అలా లేదు. లోపల ఏదో విరిగినట్టుంది.

"ఏవండీ! ఏవండీ!" అని తేజశ్రీ అరుస్తూనే ఉంది. అవతల ఆమె గొంతు వినేవాళ్లెవరూ లేరు. కర్రలు, తిట్లు, షఫీక్ ఏడుపు. "వద్దన్నా, కొట్టమాకండన్నా, సచ్చిపోతాడు!" వాటన్నిటి మీదుగా ఎవరిదో కొత్త గొంతు లేచింది.

"ఏడాది పంట ఉడకబెట్టాడుగా. ఆడినీ అందులోనే ఉడకనివ్వండ్రా. తోసి తలుపెయ్యండి!"

తలుపు మళ్లీ మూలిగింది. గొళ్లెం పడింది.

ఫోను తెగిపోయింది.

వీరబాబు గుమ్మం పక్కనున్న గునపం అందుకుని బండెక్కాడు.

*

చీకటి పడకముందే తీసుకొచ్చారు. షఫీక్ బండి నడుపుతున్నాడు, మధ్యలో అంజి, వెనక వీరబాబు తమ్ముణ్ణి రొమ్ముకి అదుముకుని. ముగ్గురి చొక్కాల మీదా నెత్తురుంది. ఎవరిది ఎంతో చెప్పటం కష్టం.

అంజి కళ్లు తెరుచుకోవటం లేదు. రెప్పలు ఉబ్బి పగలబోయే పళ్లలా ఉన్నాయి. పై పెదవి చీలింది. ఎడమచెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపల రంపం కోసినట్టు శబ్దం వస్తోంది.

తేజశ్రీ మజ్జిగలో గుడ్డ ముంచి అతని కళ్లమీద వేసింది. వేలు తగిలితే చాలు, అతను ఒళ్లంతా ఎగిరిపడుతున్నాడు.

"తలుపు పగలగొట్టి తీశానమ్మా వీణ్ణి," అన్నాడు వీరబాబు తల్లితో. అతని మోచేతి దగ్గర కొడవలి గీసిన గాటు ఇంకా కారుతోంది. "ఇంకాసేపైతే శవాన్నే తెచ్చేవాణ్ణి."

"నీ కాళ్లకి మొక్కుతా నాయనా," అంటూ పేరమ్మ కూలబడింది.

వీరబాబు తమ్ముడి ముందుకొచ్చి నిలబడ్డాడు. అంజి చూపులేని మొహాన్ని అన్న వైపు తిప్పి ఏదో అనబోయాడు. చీలిన ఆ పెదవిమీదే చాచి కొట్టాడు వీరబాబు.

"బావగారూ!"

"నువ్వు ఆగు!" వీరబాబు తమ్ముడి వైపు వేలు చూపించాడు. "తలుపులకున్న థర్మామీటర్లు పీకేసిందెవడు? ఇక అన్నీ ఫోన్లోనే అన్నదెవడు? నెల రోజులుగా ఎప్పుడు చూసినా పచ్చే. ఎవడొచ్చి అడిగినా ఆ పచ్చే చూపించి పంపించావు. కరెంటు బిల్లు మిగలటానికి మిషను ఆపి, దొంగ పచ్చ పెట్టావని ఊరంతా అంటోంది. ఏం చెప్పమంటావురా వాళ్లకి?"

"నేను... దొంగ పచ్చ పెట్టలేదన్నా."

"మరి అదెట్టా వెలిగింది?"

తెలియదన్నట్టు అంజి తల ఊపాడు. దాంతో పేరమ్మ కూడా కొడుకు మొహంలోంచి చూపు తిప్పుకుంది. అది తేజశ్రీ చూసింది. దెబ్బలకంటే ఎక్కువ నొప్పి పుట్టింది అక్కడే.

"నేను మాటిచ్చి తీసుకొచ్చా," అన్నాడు వీరబాబు, గోడకి వీపు ఆనించి జారి కూర్చుంటూ. "రేపు పొద్దున ఏడున్నరకి యలమంద వాళ్లంతా గోడౌను దగ్గరికొస్తారు. వీడు అందరి ముందూ మోసం చేశానని ఒప్పుకోవాలి. ఆ పెట్టెని నేను ఈ గునపంతో పగలగొట్టాలి. అప్పుడే వీణ్ణి ప్రాణాలతో వదిలేది."

అంజి లేవబోయి పడ్డాడు. "పెట్టె పగలకొడితే మిగతా మూడు గదులూ పోతాయన్నా! నాలుగూ అందులోనే ఉన్నాయి. ఇవాళ ఒక గదికి ఇంత కొట్టారు. నాలుగు గదులూ పోతే ఇల్లు తగలబెడతారు!"

"పోనీ. మాటిచ్చా."

"నేను చెయ్యని మోసం ఒప్పుకుంటే, ఆ తర్వాత బతికి మాత్రం ఏం చేస్తానన్నా?"

షఫీక్ గుమ్మం బయట కూర్చుని మోకాళ్లలో మొహం పెట్టుకున్నాడు. బుల్లయ్య కుర్చీలోంచి కదలలేదు. గోడ గడియారం టకటకా కొట్టుకుంటూనే ఉంది.

*

తేజశ్రీ గోడౌను ఫోను ఒళ్లో పెట్టుకుంది. చుక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మొగుడి నెత్తురు అంటిన వేలితో మూడో చుక్కని నొక్కింది. దాని కింద చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో అడుగున, కంటికి ఆనీ ఆనని బూడిదరంగు అక్షరాలు. చివరిగా సమాచారం అందిన తేదీ.

ఆ తేదీ చూడగానే, ఇంత ఘోరంలోనూ, ఆమె పెదవులు నవ్వబోయాయి. ఆ తేదీ ఆమెకి తెలియకపోవటమేమిటి! కుడికాలు పెట్టి ఈ ఇంట్లోకి వచ్చిన రోజు. అంజి అరచేతిలో అరచెయ్యి పెట్టి కారు దిగిన రోజు.

తర్వాత ఆ తేదీని మళ్లీ చదివింది.

"ఏవండీ," అంది మెల్లగా అతని చెవి దగ్గర వంగి. "ఈ యాప్‌కి చివరిసారి కబురు అందింది మన గృహప్రవేశం రోజున. ఆ తర్వాత ఏమీ రాలేదు. మనం చూస్తున్నది ఆనాటి పచ్చ."

అంజి ఆమె వైపు మొహం తిప్పాడు. "నెట్ ఉందా?"

"ఉంది. మిగతావన్నీ వస్తున్నాయి."

"పాస్‌వర్డ్ ఏమన్నా మార్చారా?"

"అడగటం లేదు. చక్రం తిరిగి ఆగిపోతోంది, అంతే."

అతను ఆలోచించాడు. కళ్లమీది గుడ్డలోంచి మజ్జిగ బొట్లుబొట్లుగా చెంపల మీదికి కారుతోంది. "తేజా... ఆ ఫోన్లో టైమెంతుంది?"

చెప్పింది.

"నీ ఫోన్లో?"

తన ఫోను తీసి చూసింది. రెంటికీ ముప్పావుగంట తేడా.

తలెత్తి గోడ గడియారం వైపు చూసింది. గోడౌను ఫోనుతో అది సరిగ్గా కలిసింది. కలిసింది కాబట్టే ఈ ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. బుల్లయ్య గారింట్లో గడియారం ఎప్పుడూ ముందే నడుస్తుంది. రాహుకాలం వచ్చేలోపు అందరూ గడప దాటాలని ఆయన పెట్టుకున్న పద్ధతి అది. టీవీలో వార్తలు మొదలయ్యేసరికి ఈ గోడమీద అవి అయిపోయి చాలాసేపై ఉంటుంది. కొత్తలో తేజశ్రీ దాన్ని చూసి ఎంత నవ్విందో! "మా నాన్న కాలాన్ని కూడా తోలుకుపోతాడు, ఎద్దుని తోలినట్టు," అని అంజి చెవిలో అన్నాడు.

"టైము తేడా ఉంటే సర్వరు ఫోన్ని నమ్మదు," అంటున్నాడు అంజి, గొంతులోకి ప్రాణం వస్తూ. "తలుపు తియ్యదు. యాప్ ఏమో దగ్గరున్న పాత బొమ్మే చూపిస్తుంది. సరి చెయ్యి. తేజా, సరి చెయ్యి!"

ఆమె టైము సరిచేసింది. యాప్ మూసి తెరిచింది. ఈసారి చక్రం ఒక్క చుట్టే తిరిగింది.

పచ్చ. పచ్చ.

ఎరుపు.

పచ్చ.

మూడోది ఆగింది మొన్నటి గాలివానకి పిడుగు పడిన వేళ. అది కూడా అక్కడే చూపిస్తోంది. మోసం లేదు. ఎవరూ ఆపలేదు. ఎరుపు వచ్చిన వేళకే కనపడి ఉంటే వెంటనే మళ్లీ నడిపించేవాడు, గది వేడెక్కేదే కాదు.

"బావగారూ, చూడండి!" ఆమె మోకాళ్ల మీద పాకినట్టే వెళ్లింది. "ఆయన తప్పేం లేదు. గృహప్రవేశం రోజున ఈ ఫోన్లో టైము ఎవరో ముందుకి..."

అక్కడ ఆమె మాట ఆగింది.

ఆ రోజు ఫోను ఎవరి జేబులో ఉంది? కారు ఇంకా సంత దాటకముందే, రాహుకాలం ముంచుకొస్తోంది, తొందరగా రమ్మనండని అందరినీ పరుగెత్తించింది ఎవరు? గోడ గడియారం మాట గోడౌను ఫోను కూడా వినాలని ఎవరికి తోచింది?

వీరబాబు తండ్రి వైపు చూశాడు. పేరమ్మ చూడలేదు. ఆమెకి చూడాల్సిన అవసరం లేదు.

బుల్లయ్య కుర్చీలోంచి లేచాడు. కోడలి చేతిలోంచి ఫోను తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, ముసలివేళ్లతో తెరమీద వెతకటం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నాడో అర్థం కావటానికి ఆమెకి రెండు క్షణాలు పట్టింది.

టైము మళ్లీ ముందుకు తిప్పుతున్నాడు.

"మామయ్యగారూ!"

ఆమె ఫోను లాక్కుంది. అంతే, పేరమ్మ ఆడపులిలా మీదపడింది. మణికట్టు పట్టి మెలేసి గోడకేసి కొట్టింది. పెళ్లిగాజులు పెరిగాయి. ముక్కలు చేతిలో దిగి, పచ్చగాజుల మీద ఎర్రగా కారింది.

"నోరెత్తావంటే చంపేస్తా! ఇంటిపెద్దని ఊళ్లో నిలబెడతావా? ఆయన గడియారం తిప్పింది ఎవరికోసమే? నువ్వు మంచివేళ లోపలికి రావాలనే! నీ అడుగు కోసమే!"

"మంచివేళే వచ్చానుగా అత్తయ్యగారూ! ఆ మంచివేళకే మీ కొడుకుని చంపబోయారు!"

పేరమ్మ చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి కిందికి దిగలేదు. వెనకనుంచి అంజి పట్టుకున్నాడు, కళ్లు కనపడకుండా, చప్పుడు బట్టి, పనిచేసే ఒక్క చేత్తో. "అమ్మా, వద్దు." తల్లిని అతను ముట్టుకోవటం చూసి వీరబాబు లేచాడు. తమ్ముడి గొంతు పట్టుకుని గోడకి నొక్కాడు. అంజి గుడ్డిగా కాలు విసిరాడు. ఇద్దరూ కలిసి మజ్జిగ గిన్నె మీద పడ్డారు. ఒకడి చేతిగాటు, ఒకడి పెదవి, ఎవరి నెత్తురెవరిదో మళ్లీ కలిసిపోయింది. షఫీక్ లోపలికి ఉరికి, "అన్నా, మీకు దండం పెడతానన్నా," అంటూ మధ్యలో దూరి రెండు దెబ్బలు తినేదాకా వాళ్లు ఆగలేదు.

ఆగాక ఊపిర్లు మాత్రం వినపడ్డాయి.

"నాన్నా," అన్నాడు వీరబాబు చివరికి. నేలమీదే కూర్చున్నాడు. "నువ్వేనా?"

బుల్లయ్య గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాడు.

వీరబాబు లేచాడు. గునపం తీసుకుని గడపకి అడ్డంగా పెట్టి, దానిమీద కూర్చున్నాడు. "నాన్న పేరు ఈ గడప దాటదు. తమ్ముడు ఒప్పుకుంటాడు. పెట్టె పగుల్తుంది. అంతే."

తేజశ్రీ చేతిలోంచి గాజుముక్క ఒకటి లాగి పారేసింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున ఆ గాజుల చప్పుడు వింటూనే కాఫీ కలిపింది. పంచదార వెయ్యటం మరిచిపోతే, నువ్వు కలిపావుగా చాలు, అంటూ అంజి చప్పరించి తాగాడు. ఆ పొద్దున ఇదే రోజుదంటే నమ్మబుద్ధి కాలేదు.

చెంగుతో ఫోను తుడిచింది. మూడు పచ్చ, ఒక ఎరుపు. ఎరుపంటే నిజం. ఇప్పుడు అదే ముద్దొచ్చింది ఆమెకి.

"రేపు ఏడున్నరకి నేనూ గోడౌనుకి వస్తున్నాను, బావగారూ," అంది.

గుమ్మంలో వీరబాబు కదల్లేదు. అప్పుడు నోరు విప్పాడు బుల్లయ్య, సాయంత్రం నుంచీ మొదటిసారి.

"రేపు సోమవారం. ఏడున్నరకి రాహుకాలం మొదలు. ఆ వేళకి ఈ ఇంటి ఆడది బయటికి పోదు."

"అసలు ఏడున్నరకా మామయ్యగారూ, మన గోడమీది ఏడున్నరకా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె కూడా నవ్వించటానికి అనలేదు.

"అసలు ఏడున్నరకే వెళ్దాం. సరిగ్గా రాహుకాలంలోనే. ఫోను నా చేతిలో ఉంటుంది. ఆ పెట్టె మీద గునపం పడకముందే యలమంద గారి చేత ఈ టైము ముందుకి తిప్పిస్తాను, వెనక్కి తిప్పిస్తాను. చుక్కలు ఎలా పాత కబురు దగ్గరే ఆగిపోతాయో, పచ్చ ఎలా అబద్ధమాడిందో ఆయన వేలితోనే చూపిస్తాను." ఫోను చెంగులో ముడేసుకుని మామగారి వైపు తిరిగింది. "మీరు నా పక్కన నిలబడాలి మామయ్యగారూ. గడియారం తిప్పింది ఎవరని ఆయన అడుగుతాడు. నేను పేరు చెప్పను. మీ వైపు చూస్తాను."